పార్కు కూడా ఆస్పత్రే

మీ కాలనీలో ఒక ఖాళీ స్థలం ఉంది. లేఅవుట్‌లో దాని మీద ‘పార్కు’ అని రాసి ఉంది. అక్కడ ఆస్పత్రి కడతామని ఎవరైనా ముందుకొస్తే మీరేమంటారు? చాలామంది సరేననే అంటారు. ఆరోగ్యానికి ఆస్పత్రిని మించింది ఏముంటుందని!

బెంగళూరులోని రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ వాసులకు సరిగ్గా ఇదే సమస్య ఎదురైంది. పార్కుకు వదిలిన స్థలాన్ని నగరాభివృద్ధి సంస్థ ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్‌హోమ్ కోసం కేటాయించింది. కాలనీవాసులు కోర్టుకెక్కారు. హైకోర్టులో మొదట ఓడిపోయారు, అప్పీలులో గెలిచారు. ట్రస్టు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1991లో అక్కడా కాలనీవాసులదే పైచేయి అయింది. పార్కు అందరిదీ, ప్రైవేటు ఆస్పత్రి దానికి బదులు కాదు, ఆ స్థలం గురించి అడిగే హక్కు చుట్టుపక్కల ఉండేవారికి ఉంది... ఇదీ ఆ తీర్పు సారాంశం.

ఒక పార్కు కోసం ఇంత పట్టుదల అవసరమా అనిపించవచ్చు. అవసరమే. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులను పరిశీలించారు. కిటికీలోంచి ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారి కంటే, చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు త్వరగా ఇంటికెళ్లారు. బలమైన నొప్పి మందుల అవసరం కూడా వారికి తక్కువే పడింది.

పిల్లల సంగతి చూడండి. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చూశారు. మూడేళ్ల తర్వాత మిగతా బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, ఈ బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. ‘ఫోన్ పక్కన పెట్టి బయటికెళ్లి ఆడుకో’ అని పిల్లల్ని కోప్పడతాం. వెళ్లడానికి ‘బయట’ అంటూ ఒకటి ఉండాలి కదా!

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగరు, బీపీ ఉన్నవారికి డాక్టరు రాసే చీటీలో నడక తప్పకుండా ఉంటుంది. కానీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, బైకుల మధ్య అరవై ఐదేళ్ల అమ్మమ్మ ఎక్కడ నడుస్తుంది? జిమ్ముకు డబ్బు కట్టగలిగినవారికి వేరే దారి ఉంది. మన ఇంట్లో పనిచేసే ఆవిడకూ, అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లలకూ పార్కు ఒక్కటే దారి.

పార్కు స్థలం ఒక్కరోజులో పోదు. ముందు ఎవరో కంకర పోస్తారు. తర్వాత రేకుల షెడ్డు వెలుస్తుంది. ఆ తర్వాత ఇంటి నంబరూ కరెంటు మీటరూ వస్తాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. స్థలాన్ని తినేసేది ఎప్పుడూ బయటివారే కాదు. కార్లు నిలుపుకోవడానికి కొంత, కమ్యూనిటీ హాలుకు కొంత, చెప్పులకు మట్టి అంటకుండా టైల్సు పరచడానికి కొంత... ఇవన్నీ మనమే సంఘం మీటింగులో చేతులెత్తి ఆమోదిస్తాం. చివరికి నీడనిచ్చే వేపచెట్టు కూడా ఆకులు రాలుస్తోందని అడ్డమవుతుంది.

కాబట్టి కాగితాలతో మొదలుపెట్టండి. ఆమోదం పొందిన లేఅవుట్ నకలునూ, పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్‌డీడ్ నకలునూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన బోర్డు పెట్టించండి. కంచె వేయమని రాతపూర్వకంగా కోరండి. ఆక్రమణ కనిపిస్తే తేదీతో ఫొటో తీసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. హైదరాబాద్‌లో అయితే 2024లో ఏర్పాటైన హైడ్రా కూడా ఉంది. చెట్టు కొట్టేస్తుంటే అనుమతి పత్రం చూపమనండి. 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది అందుకే.

ఒక్కరు వెళ్తే ‘చూద్దాం’ అంటారు. ఇరవై కుటుంబాలు వెళ్తే ఫైలు కదులుతుంది. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ చెట్ల కోసం నిరసనకు దిగింది సాధారణ నగరవాసులే. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపేసింది. దానికి ముందు గళమెత్తింది విద్యార్థులు.

అయితే దక్కించుకున్న పార్కుకు తాళం వేసి ‘కాలనీవాసులకు మాత్రమే’ అని రాయకండి. వాడని పార్కును కాపాడటం కష్టం. పొద్దున నడిచేవారు, సాయంత్రం ఆడుకునే పిల్లలు, బెంచీ మీద కబుర్లాడే పెద్దలు ఉన్నచోట కంకర లారీ ఆగడానికి జంకుతుంది. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లి మీ కాలనీ పార్కు ఎంత మిగిలిందో ఓసారి చూసి రండి.