గోల్డెన్‌స్టైన్ సిస్టర్లు: పెద్దవాళ్ళను అడిగామా?

ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ నగరం పక్కన ఎల్స్‌బెథెన్ అనే ఊరుంది. అక్కడ గోల్డెన్‌స్టైన్ అనే పాత కోటలో కన్యాస్త్రీల మఠం, దాన్ని అంటిపెట్టుకుని ఒక బడి ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఎనభై దాటిన ముగ్గురు సిస్టర్లు తమను ఉంచిన వృద్ధాశ్రమం నుంచి బయటికి వచ్చి, తాళాలు తీసే మనిషిని పిలిపించి, తమ పాత గదుల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళకు తోడు నిలిచింది ఒకప్పుడు వాళ్ళ దగ్గర చదువుకున్న విద్యార్థినులు.

ఈ వార్త మనలో చాలామందికి వాట్సాప్‌లో ఒక సరదా వీడియోగా చేరింది. చూశాం, నవ్వుకున్నాం, ఇంకొకరికి పంపాం. కానీ ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. పెద్దవాళ్ళ సంరక్షణ గురించి, సంఘంలో అధికారం గురించి ఇందులో గట్టి ప్రశ్న ఉంది.

ముందు ఆ ముగ్గురు ఎవరో చూద్దాం. సిస్టర్ బెర్నడెట్‌కు అప్పటికి 88 ఏళ్ళు, సిస్టర్ రెజీనాకు 86, వాళ్ళకంటే చిన్నది సిస్టర్ రీటా. బెర్నడెట్ 1948లో విద్యార్థినిగా ఆ బడిలో అడుగుపెట్టారు. రెజీనా 1958లో, రీటా 1962లో వచ్చారు. ముగ్గురూ అక్కడే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. రెజీనా ప్రధానోపాధ్యాయినిగా కూడా పనిచేశారు. అంటే అది వాళ్ళు కొన్నాళ్ళు ఉండి పోయిన హాస్టలు కాదు. వాళ్ళ జీవితమంతా గడిచిన ఇల్లు.

వాళ్ళు అగస్టీన్ నియమావళిని అనుసరించే సిస్టర్లు. జర్మన్ భాషలో వాళ్ళకున్న పేరు గాయకబృందాన్ని సూచిస్తుంది. నియమిత వేళల్లో గుడిలో కూడి, ఒక వరుసవారు ఒక చరణం, ఎదుటి వరుసవారు మరో చరణం చొప్పున కీర్తనలు చెప్పుకోవడం అలాంటి మఠాల దినచర్యకు ప్రాణం. ప్రార్థన, బడి, భోజనం, మళ్ళీ ప్రార్థన. ఏళ్ళు గడిచేకొద్దీ వరుసలు పలచబడ్డాయి. కొత్తగా చేరేవాళ్ళు లేరు. చివరికి ముగ్గురే మిగిలారు. పశ్చిమ ఐరోపాలో ఎన్నో మఠాల కథ ఇదే.

2022లో ఆ భవనం సాల్జ్‌బర్గ్ అగ్రపీఠం, రైఖర్స్‌బెర్గ్ మఠం చేతికి వెళ్ళింది. ఆరోగ్యం, మానసిక స్థితి అనుకూలించినంత కాలం సిస్టర్లు అక్కడే జీవితాంతం ఉండవచ్చన్న హక్కు ఉంది. అయినా 2023 డిసెంబరులో వాళ్ళను కతోలిక వృద్ధాశ్రమానికి తరలించారు. తమను అడగకుండానే ఇది జరిగిందని, ఇచ్చిన మాట తప్పారని సిస్టర్ల ఫిర్యాదు. ఆ వృద్ధాశ్రమంలో చనిపోవడం కంటే బయట పచ్చికలో కన్నుమూయడమే మేలని బెర్నడెట్ విలేకరులతో అన్నారు.

రెండోవైపు మాట కూడా వినాలి. సిస్టర్ల మీద అధికారం ఉన్న రైఖర్స్‌బెర్గ్ మఠాధిపతి వాదన ప్రకారం ఆ గదులు నివాసానికి పనికిరావు, సిస్టర్ల ఆరోగ్యం బాగాలేదు, వృత్తిపరమైన సంరక్షణ తప్పనిసరి. ఇందులో నిజం లేదనలేం. వాళ్ళు తిరిగి వచ్చిననాడు నీళ్ళు, కరెంటు సరిగా లేవు. మెట్లెక్కడానికి వాడే లిఫ్టు కుర్చీ తీసేసి ఉంది. వంట, మందులు, వైద్యుడి రాకపోకలు అన్నీ పూర్వ విద్యార్థినులు చూసుకోవాల్సి వచ్చింది. పైగా ఆ సిస్టర్లు విధేయత ప్రమాణం చేసినవారు. నవంబరు చివర్లో మఠాధిపతి షరతుల మీద వాళ్ళను అక్కడ ఉండనిస్తానన్నారు. సోషల్ మీడియా మానుకోవడం అందులో ఒకటి. సిస్టర్లు ఒప్పుకోలేదు.

మరి తప్పెవరిది? మనం ప్రొటెస్టెంట్లం. విధేయత ప్రమాణాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం మనకు సులువు. అలా చేయకుండా, ఇరుపక్షాలూ గౌరవించే ఆ అగస్టీన్ నియమావళినే అడుగుదాం. పదహారు వందల ఏళ్ళ కిందటి ఆ చిన్న పుస్తకాన్ని సెమినరీ రోజుల్లో చదివాను. పెద్దకు తండ్రికిలాగా లోబడమని అది చెబుతుంది. అక్కడితో ఆగదు. అధికారం చెలాయించడంలో కాక ప్రేమతో సేవ చేయడంలోనే పెద్ద తన ధన్యతను చూసుకోవాలంటుంది. భయపడేలా కాక ప్రేమించేలా నడుచుకోమంటుంది. ఇంకో మాట నన్ను అప్పుడే ఆపింది. ఒకరు ఒంట్లో నొప్పి అంటే, అది పైకి కనబడకపోయినా, ముందు ఆ మాట నమ్మాలి. ఏ వైద్యం చేయాలో తెలియకపోతే వైద్యుణ్ణి అడగాలి. వైద్యుడి మాట అవసరమే. కానీ రోగి మాట ముందు.

గోల్డెన్‌స్టైన్‌లో దెబ్బతిన్నది ఈ వరుసే. వృద్ధాశ్రమానికి పంపడం పాపం కాదు, కొన్నిసార్లు అదే ప్రేమ. అడగకుండా పంపడమే గాయం. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు పేతురుతో, వయసు మళ్ళాక వేరొకరు నిన్ను నీకిష్టం లేని చోటికి తీసుకుపోతారని చెప్పాడు. పేతురు మరణాన్ని గురించి ముందే చెప్పిన మాట అది. దాన్ని పెద్దవాళ్ళను తరలించడానికి అనుమతి పత్రంగా చదవకూడదు.

ఇక మన ఇళ్ళ సంగతి. తల్లి ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. పిల్లలు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటారు, హైదరాబాదు శివార్లలో మంచి హోమ్ చూస్తారు, అడ్వాన్సు కట్టేస్తారు. అమ్మకు చివర్లో చెబుతారు. ఆమెకు లోటేమీ ఉండదు. ఆమె గుడి, ఆమె ఆదివారం బెంచీ, పక్కింటి మరియమ్మ మాత్రం ఉండరు.

మన సంఘాలు కూడా తక్కువ తినలేదు. ముప్పై ఏళ్ళు సేవ చేసిన అయ్యగారు రిటైరయ్యాక, శాలువా కప్పి పంపిన మర్నాడే పార్సనేజీ ఎప్పుడు ఖాళీ చేస్తారని కమిటీ అడగడం నేను చూశాను. ఊరూరా తిరిగిన బైబిలు స్త్రీలు ఎక్కడ, ఎవరి దయ మీద చివరి రోజులు గడిపారో మన మినిట్సు పుస్తకాల్లో వెతకండి. మందిరానికి టైల్స్ వేయడానికి చందా పుస్తకం కొట్టిస్తాం, వాళ్ళ మందులకు మాత్రం నిధి లేదంటాం. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవారిని మార్కు 7లో ప్రభువు గద్దించినది ఇలాంటి లెక్కనే.

ఆ సిస్టర్ల కోసం వచ్చింది వాళ్ళు అక్షరాలు నేర్పిన పిల్లలు. మనకు అక్షరాలు, వాక్యం నేర్పినవాళ్ళు ఈరోజు ఎక్కడున్నారు? ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కరి ఇంటికైనా వెళ్ళండి. పళ్ళు ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చేయకండి. కూర్చుని, మీకేం కావాలి, ఎక్కడ ఉండాలని ఉంది అని అడగండి. జవాబు మనకు నచ్చకపోవచ్చు, మనవల్ల కాకపోవచ్చు. అయినా ముందు వినండి.