దొరికినవాడు, దొరకనివాడు



మా కాలేజీలో ఈ ఏడాది డిగ్రీలో చేరిన పిల్లల్లో చాలామంది 2007 తర్వాత పుట్టినవాళ్లే. మొన్న క్లాసులో మాటల మధ్య ఆయేషా మీరా పేరు వస్తే ఒక అమ్మాయి అడిగింది: "ఇంతకీ ఎవరు చంపారు సార్?" నా దగ్గర జవాబు లేదు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ వెళ్లే బస్సు నందిగామ దాటి ఇబ్రహీంపట్నం మీదుగానే పోతుంది. ఆ ప్రశ్న ఈ రోడ్డు మీదే పుట్టింది. ఇన్నేళ్లుగా ఇక్కడే పడి ఉంది.

2007 డిసెంబర్ 27న ఇబ్రహీంపట్నంలోని లేడీస్ హాస్టల్లో ఆయేషా శవం దొరికింది. తెనాలి పిల్ల, బీఫార్మసీ చదువుతోంది. పలుకుబడి ఉన్నవాళ్లను కాపాడుతున్నారని తల్లిదండ్రులు మొదటి నుంచీ మొత్తుకున్నారు. 2008 ఆగస్టులో పోలీసులు "దొరికాడు" అన్నారు. దొరికింది ఎవరు? నందిగామ పక్కన అనాసాగరం దళిత కుర్రాడు సత్యంబాబు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మామూలుగా కేసు కోర్టుకెక్కితే చనిపోయినవాళ్ల కుటుంబం ఒకవైపు, ముద్దాయి కుటుంబం ఇంకోవైపు నిలబడతాయి. ఈ కేసులో అలా జరగలేదు. ఆయేషా తల్లి శంషాద్ బేగం "నా బిడ్డను చంపింది ఇతను కాదు" అని బహిరంగంగానే చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నమ్మని కథను వ్యవస్థ నమ్మింది. 2010లో విజయవాడ కోర్టు సత్యంబాబును దోషి అంది.

2017 మార్చి 31న హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అతణ్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదిన్నరేళ్లు దాటాయి. లెక్క వేయండి, జైల్లో గడిచిన రోజుకు సుమారు 32 రూపాయలు. అతను విడుదలైన నాటికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 190 రూపాయలు దాటింది. చెరువులో మట్టి తవ్వినా అంతకు ఆరింతలు వచ్చేది.

ఆ మరుసటి ఏడాదే, 2018లో, ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు 50 లక్షలు ఇమ్మంది. ఆయన జైల్లో ఉన్నది సుమారు 50 రోజులు. ఆయనకు ఎక్కువ ఇచ్చారని నా ఏడుపు కాదు. ఆ అన్యాయానికి అది కూడా తక్కువే. నేను అడిగేది ఒక్కటే. శాస్త్రవేత్త పరువుకు విలువ కట్టగలిగిన దేశం అనాసాగరం కుర్రాడి యవ్వనానికి ఎందుకు కట్టలేకపోయింది? తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయమని లా కమిషన్ 277వ నివేదికలో చెప్పింది. అదీ 2018లోనే. నివేదిక వచ్చింది, చట్టం రాలేదు.

"తప్పుడు కేసు పెట్టారు, తర్వాత కోర్టు వదిలేసింది, అయిపోయిందిగా" అనేవాళ్లున్నారు. అవలేదు. తప్పుడు జవాబు దొరికిన రోజున అసలు ప్రశ్న అడగడం మానేస్తారు. సత్యంబాబు లోపల ఉన్నన్నాళ్లూ అసలు హంతకుణ్ని వెతికినవాడు లేడు. అప్పీలు హైకోర్టులో ఉండగానే, విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన సాక్ష్యపు వస్తువులు ధ్వంసమయ్యాయి. 2018 నవంబర్‌లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించాక, ఆ ధ్వంసం మీదే వేరే కేసు పెట్టాల్సి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత, 2019 డిసెంబర్‌లో, తెనాలిలో ఆయేషా సమాధిని తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఒక దళిత కుర్రాణ్ని బలిపెడితే ఒక ముస్లిం పిల్లకు న్యాయం జరగలేదు. ఆమె సమాధికి కూడా నెమ్మది లేకుండా పోయింది.

అందుకే ఇవి రెండు కేసులు కావు, ఒకటే. తెనాలి తల్లి అడిగేది "నా బిడ్డను ఎవరు చంపారు?" అనాసాగరం తల్లి అడిగేది "నా కొడుకునే ఎందుకు పట్టుకున్నారు?" రెండో ప్రశ్నకు జవాబు చెప్పకుండా మొదటిదానికి జవాబు దొరకదు. హంతకుడు ఎవరో తేల్చలేని వ్యవస్థకు ముద్దాయిగా ఎవరు సరిపోతారో మాత్రం బాగా తెలుసు. లాయరును పెట్టుకోలేనివాడు, ఎమ్మెల్యేకి ఫోన్ చేయించలేనివాడు, వాడ నుంచి వచ్చినవాడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, దళితుల మీద తప్పుడు కేసు పెట్టడమే ఒక నేరం. మనం ఆ చట్టాన్ని తిట్లకూ దెబ్బలకే వాడుకుంటున్నాం. ఖాకీ బట్టల్లో జరిగే నేరానికి కూడా అది వర్తిస్తుందని మన పిల్లలకు చెప్పాలి. వచ్చే డిసెంబర్ 27న కొవ్వొత్తి పట్టుకునే ప్రతి విద్యార్థి సంఘాన్నీ ఒకటే కోరుతున్నా. ఆయేషా ఫోటో పక్కన సత్యంబాబు పేరు కూడా రాయండి. నినాదం ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలూ అడగండి.

మా క్లాసులో ఆ అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది.

జై భీమ్.