సవరం కుదరలేదని

ఉగాది నాడు మా పిల్లల కూచిపూడి. గ్రీన్‌రూములో ఒక పదిహేనేళ్ల పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు ఆడవాళ్లం ఆమె జుట్టు మీద పడ్డాం. తల్లిది గుంటూరు, తండ్రి నల్లజాతి అమెరికన్. ఒత్తైన రింగుల జుట్టు. సవరం నిలవడం లేదని నీళ్లు చల్లాం, జెల్ పూశాం, చివరికి స్ట్రెయిట్‌నర్ పెట్టి సాగదీశాం. చెవి దగ్గర చురుక్కుమని ఆ పిల్ల ఉలిక్కిపడింది. "ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అన్నాను. స్ట్రెయిట్‌నర్ నా చేతిలోనే ఉంది.

"జుట్టంతా తండ్రిదే, పాపం" అంది మాలో ఒకావిడ. ఎవరం వారించలేదు. పైగా నేను, "ముక్కు మాత్రం మన ముక్కే" అన్నాను, ఓదారుస్తున్నాననుకుని. ఆ పిల్ల అద్దంలోంచి నా వైపు చూసింది. మూడేళ్లుగా శనివారాలు తనకు తెలుగు చెబుతున్నది నేనే. మా మాటలు అర్థం కావని ఎలా అనుకున్నాను?

ఆ సాయంత్రమే ఇంకో ఇంటి తెల్ల కోడలి కొడుకుని "దొరబాబులా ఉన్నాడు" అంటూ చంకలు మార్చుకుని మరీ ఎత్తుకున్నాం. ఈ పిల్ల తండ్రి ప్రతి రిహార్సల్‌కీ వచ్చి, చివరి వరుసలో కూర్చుని వెళ్లేవాడు. ఆయన ఏం పని చేస్తాడో మాలో ఎవరికీ తెలియదు. అడగలేదు.

మేముండేది వర్జీనియాలో. తెల్లవాళ్లు వేరే జాతివాళ్లను పెళ్లాడటం ఇక్కడ 1967 దాకా నేరం. నల్లజాతి స్త్రీని చేసుకున్న లవింగ్ అనే తెల్లాయన, ఆయన భార్య సుప్రీంకోర్టు దాకా పోరాడితే ఆ చట్టం పోయింది. లేకపోతే ఆ దొరబాబు తల్లిదండ్రుల పెళ్లి కూడా చెల్లేది కాదు. భారతీయులు తెల్లవాళ్ల కిందకు రారు, పౌరసత్వం కుదరదని 1923లో చెప్పిందీ ఆ కోర్టే. నల్లవాళ్ల హక్కుల పోరాటం తెచ్చిన ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. మా వీసాలు, మా ఇళ్లు దాని పుణ్యమే. ఇంత బాకీ పడ్డవాళ్లం, ఇందులో ఒక్క ముక్కా మా పిల్లలకు చెప్పలేదు. పద్యాలు బట్టీ పట్టించాం.

'నేనెవర్ని' అని వెతుక్కునే వయసది. ఈ దేశపు జనగణన కూడా 2000 నుంచి ఒకటికి మించి జాతులు రాసుకోనిస్తోంది. మేము మాత్రం పద్యాల పోటీలో బహుమతి వస్తే "మన పిల్ల" అన్నాం, తలదువ్వేటప్పుడు "తండ్రి పోలిక" అన్నాం.

ఉగాది అయిన నెలకి సన్నటి పాయలు అల్లించుకుని క్లాసుకొచ్చింది. మేనత్త అల్లిందట, ఆరు గంటలు పట్టిందట. వచ్చీరాని తెలుగులో ఎంత సంబరంగా చెప్పిందో! "వచ్చే ప్రోగ్రాం నాటికి విప్పేస్తావుగా?" అన్నాను.

తర్వాతి శనివారం రాలేదు. చదువు ఎక్కువైందని తల్లి మెసేజ్ పెట్టింది. అందరం బొటనవేలి బొమ్మ పెట్టాం. పన్నెండు వారాలైంది. ఒక్కరమూ ఆ ఇంటికి వెళ్లలేదు.