వెండితెర ముచ్చట్లు: ఏ సినిమా పక్కన ఏ సినిమా?

ఫ్రెంచివాళ్లు పేరు పెట్టినా, ‘ఫిల్మ్ నువార్’ అంటే హాలీవుడ్ సొత్తేనని చాలామంది అభిప్రాయం. 1940ల నాటి నలుపు తెలుపు నేరకథలు, సగం మొహం నీడలో ఉండే హీరో, అతన్ని నిలువునా ముంచే నాయిక! శాన్‌ఫ్రాన్సిస్కోలో 2003లో ‘నువార్ సిటీ’ ఉత్సవం మొదలుపెట్టిన ఎడ్డీ ముల్లర్ 2014లో ఆ లెక్క మార్చేశారు. ఆ ఏడాది కాస్ట్రో థియేటర్లో జపాన్, మెక్సికో, నార్వే, అర్జెంటీనా చిత్రాలకు పెద్దపీట వేశారు.

ఇందులో ఒక కిటుకుంది. జనం రావాలంటే ‘ది థర్డ్ మ్యాన్’ లాంటి పేరున్న సినిమా ఉండాలి. ఆ ధైర్యంతోనే ఎవరూ పేరు వినని సినిమా కూడా వేయొచ్చు. నాకు మరీ నచ్చిన ఎంపిక అర్జెంటీనావారి ‘ఎల్ వాంపీరో నెగ్రో’ (1953). ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘ఎం’ (1931) కథే ఇది కూడా. పిల్లల్ని చంపే హంతకుడి కోసం వేట. అయితే ఇక్కడ కథ నడిచేది ఒక తల్లి చుట్టూ. క్యాబరేలో పాడి బతికే ఆమే సాక్షి, ఇంట్లో చిన్న కూతురు. కథ అదే, గుండెదడ వేరు.

వేద్దామన్నా ప్రింటు దొరకాలి కదా! ముల్లర్ స్థాపించిన ఫిల్మ్ నువార్ ఫౌండేషన్ ఉత్సవాల రాబడితో పాత ప్రింట్లు బాగు చేయిస్తోంది. ‘లాస్ తాయోస్ అమార్గోస్’ (1956) అలాగే 2016లో మళ్లీ తెర మీదికొచ్చింది.

మన సంఘాల సినిమా సాయంత్రాల్లో కొత్త హిట్టొక్కటే వేస్తాం. పక్కనే ఒక పాత చిత్రం వేస్తే ఏం పోయింది?

చిన్నపిల్లలకు ‘ఎం’ వద్దు. హైస్కూలు పిల్లలకైతే ‘ది థర్డ్ మ్యాన్’తో మొదలుపెట్టండి. వియన్నా మురుగు కాలువల్లో ఆ చివరి వేట వచ్చేసరికి వాళ్లే ఫోను పక్కన పెడతారు లెండి.