తండ్రి పాత కారు, కొడుకు కొత్త రంగు

ఎదిగిన కొడుకు చొక్కా నిండా వికారపు బొమ్మ వేసుకొని ఇంటికి వస్తే, అమ్మలూ, వెంటనే నెత్తీనోరూ బాదుకోకండి. ఈ ముచ్చటకు అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది.

ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 వరకు సుమారు కోటిన్నర మోడల్-టీ కార్లు తయారుచేసింది. అందులో 1914 మొదలు 1925 వరకు వచ్చినవన్నీ నలుపే! ఒకే అచ్చు, ఒకే రంగు. అవి పాతబడి కారుచౌకకు దొరికే రోజు వచ్చాక కాలిఫోర్నియా కుర్రకారు చేతికి చిక్కాయి. డబ్బున్నవాడు కొత్త కారు కొంటాడు. లేనివాడు పాతదాన్ని విప్పుతాడు. మడ్‌గార్డులు ఊడదీశారు. పైకప్పును మధ్యకు కోసి కిందికి దించారు. 1932లో ఫోర్డు వారే తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజను ఎక్కడైనా దొరికితే తెచ్చి బిగించారు. బరువు తగ్గింది, బలం పెరిగింది. అదే హాట్ రాడ్.

మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల్లో పందాలు వేసుకున్నంతకాలం ఎవరికీ పట్టలేదు. యుద్ధం ముగిశాక పందాలు ఊళ్ళ వీధుల్లోకీ వచ్చాయి. తల్లులు రాత్రి నిద్ర మానుకున్నారు. అది ఉత్త భయం కాదు, ప్రాణాలు పోయేవి. చివరకు 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన ఒక సంఘం పెట్టి, పావుమైలు పందాన్ని కట్టుబాట్ల కిందికి తెచ్చాడు. తిరుగుబాటుకు కూడా నియమావళి కావాలి కాబోలు!

నాకు మాత్రం వేగం కంటే రంగు మీదే మమకారం. వాన్ డచ్ అనే మారుపేరుతో కెనెత్ హోవర్డ్ (1929-1992) కారు రేకు మీద వెంట్రుకవాసి గీతలు లాగేవాడు. ఒక గీత ఎడమకు వంగితే దాని జత కుడికి వంగుతుంది. కొసన చూస్తే ఏదో ముఖం మనవైపే చూస్తున్నట్టుంటుంది. విచిత్రమేమంటే, ఆయన తండ్రి సైన్‌బోర్డులు రాసే పనివాడు. లోకాన్ని ధిక్కరించిన ఆ కుంచె నాన్న పనిముట్లలోదే.

ఇక రెండో ఆసామి ఎడ్ రోత్. ఆ పేరు మన చెవికి 'రోత' అని వినిపిస్తే తప్పు ఆయనది కాదు. బొమ్మలు చూస్తే తప్పు మనదీ కాదు. ఉబ్బిన కళ్ళు, చొంగకారే నోరు, ఎర్రబట్టలు వేసిన పచ్చని ఎలుక: పేరు ర్యాట్ ఫింక్. ఒద్దికైన మిక్కీ మౌస్‌కు పగవాడన్నమాట. కార్ల ప్రదర్శనల్లో కూర్చుని, అడిగినవాడి చొక్కా మీద అప్పటికప్పుడు రంగు చిమ్మి ఇలాంటి బొమ్మలు వేసి ఇచ్చేవాడు. 1961లో ఆయన కట్టిన 'బీట్నిక్ బాండిట్' కారుకు కప్పు గాజుబుడగలాంటిది. స్టీరింగు చక్రమే లేదు, ఒక్క కర్రతో నడపాలి. అది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని అడగకండి. పద్యం కూడు పెడుతుందా అని నన్నడిగేవారికి నేనిచ్చే జవాబే ఇక్కడా ఇవ్వాల్సి వస్తుంది.

1963లో టామ్ వుల్ఫ్ అనే రచయిత ఈ కుర్రవాళ్ళ పనిని కళగా తీసుకొని ఎస్క్వైర్ పత్రికలో రాసేసరికి పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. వ్యాపారులు మాత్రం అంతకుముందే మేల్కొన్నారు. రెవెల్ కంపెనీ రోత్ కార్లనూ, ఎలుకనూ ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో పెట్టి అమ్మింది. పెట్టెకు ఒక సెంటు చొప్పున రోత్‌కు ముట్టింది. కొన్నది ఎవరనుకున్నారు? ఆ ఎలుకను చూసి చీదరించుకున్న నాన్నలే, పిల్లల పుట్టినరోజుకి!

రోత్ 2001లో పోయాడు. ఆ బుడగ కారు నెవాడా రాష్ట్రంలో రీనో పట్టణపు మోటారు మ్యూజియంలో ఉంది. చూడాలంటే టిక్కెట్టు కొనాలి.