ఖాళీ షెల్లు ఏరుకునేటోళ్లు గెలిచిండ్రు, 90 శాతం జనం ఓడిపోయిండ్రు

ఇంట్ల పాత ఇత్తడి బిందె ఉంటది. దాన్ని బిందె లెక్కనే అమ్మితే ఒక రేటు. సమ్మెటతోని సొట్టలు కొట్టి తుక్కు కింద అమ్మితే ఇంకో రేటు. తక్కువొస్తదని తెలిసి గూడ ఎవరన్న బిందెను పగలగొట్టి అమ్ముతరా? 2009 మార్చిల అమెరికా రక్షణ శాఖ గిసొంటి పనే చెయ్యబోయింది. బిందెలు గావు, తుపాకి తూటాల ఖాళీ షెల్లు. కొన్ని రోజులు గూడ కాకముందే మళ్ల ఎనకకు తగ్గింది. చిన్న ముచ్చటే, మనకు సంబంధం లేని ముచ్చటే. కని సర్కారు ఎవల మాట వింటది, ఎందుకు వింటది అని ఆలోచించినప్పుడల్ల నాకు ఇదే యాదికొస్తది.

ముందుగాల ఆ షెల్లు ఏందో జర చెప్పుకోవాలె. తూటాల నాలుగు భాగాలుంటయి. ముందట గుండు, లోపట మందు, అడుగున ప్రైమర్, అంటే దీపావళి పిస్తోలు బిళ్ల లెక్క దెబ్బ తాకంగనే అంటుకునేది. ఈ మూడిటినీ పట్టుకునుండే ఇత్తడి గొట్టమే షెల్లు. తుపాకి పేలినంక గుండు పోతది, మందు కాలిపోతది, ప్రైమర్ ఖతమైతది. ఇత్తడి షెల్లు మాత్రం జర ఉబ్బి కింద పడ్తది. దాన్ని ఏరుకొచ్చి, సాఫ్ చేసి, అచ్చుల పెట్టి ఒత్తి పాత సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు తూకమేసి పోసి, పైన కొత్త గుండు బిగిస్తే మళ్ల తూటా తయారు. అమెరికాల పల్లెటూరోళ్లు లక్షలమంది ఈ పని ఇంటెనక షెడ్లల్ల చేసుకుంటరు. సొంతానికి చేసుకుంటే కేంద్ర చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లే, అమ్ముకుంటేనే కావాలె. తూటాల అన్నిటికన్న పిరమైనది ఆ ఇత్తడి షెల్లే. అది మళ్ల మళ్ల వాడుకోవచ్చు గనుకనే గా పని గిట్టుబాటైతది.

ఇగ అమెరికా సైన్యం ట్రైనింగ్‌ల లెక్కలేనన్ని తూటాలు కాలుస్తది. ఆ ఖాళీ షెల్లను సర్కారు మిగులు సామాను కింద అమ్మేది. వాటిని కొని తూటాలు చేసి అమ్మే చిన్న కంపెనీలున్నయి. ఆ కంపెనీల కాడ పోలీసోళ్లు కొంటరు, వేటకు పోయేటోళ్లు కొంటరు. 2009 మార్చి నడిమిట్ల ఆ కంపెనీలకు కబురొచ్చింది. ఇగ నుంచి షెల్లు ఉన్నయి ఉన్నట్టు అమ్మం, నుజ్జునుజ్జు చేసినంకనే తుక్కు కింద అమ్ముతం అని.

టైం గూడ సూడాలె. ఒబామా గద్దెనెక్కి రెండు నెల్లే అయింది. తుపాకుల మీద ఏదో చట్టం తెస్తడని భయపడి జనం తూటాలు ఎగబడి కొంటున్నరు, దుకాణాలల్ల దొరుకుతలెవ్వు. గట్లాంటప్పుడు ఈ ఆర్డరొచ్చింది. తుపాకులు గుంజుకునే ధైర్యం లేక తూటాలు ఆపుతుండని లొల్లి మొదలైంది. నిజానికి అది రక్షణ శాఖ లోపట సామాన్లను వర్గాల కింద విడగొట్టే కాడ జరిగిన పని. అమ్మెటందుకు కుదరని వర్గంల షెల్లను పడేసిండ్రు, గంతే. కుట్ర ఉన్నదనే మాట నేను నమ్మ. కని కుట్ర లేకున్నా దెబ్బ దెబ్బనే కదా. చిన్న కంపెనీకి ముడిసరుకు బందైతది, వేటకు పోయే రైతుకు తూటా రేటు పెరుగుతది. సర్కారుకు సుత తక్కువ పైసలే వస్తయి.

ఫోన్లు మోగినయి, మెయిళ్లు పోయినయి. అయితే ఎవలకు పోయినయన్నదే అసలు కత. మోంటానా అని ఒక రాష్ట్రం ఉన్నది. విస్తీర్ణంల మన తెలంగాణకు మూడింతలు పైన, జనం మాత్రం అప్పటికి 10 లక్షలు గూడ లేరు. వేట, పశువులు, గోధుమ చేన్లు. అమెరికా సెనేట్‌ల ప్రతి రాష్ట్రానికి ఇద్దరే సభ్యులు. మూడున్నర కోట్లకు పైన జనమున్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, మోంటానాకూ ఇద్దరే. ఆ ఇద్దరు అప్పుడు మాక్స్ బాకస్, జాన్ టెస్టర్. టెస్టర్ ఇప్పటికీ సొంతంగ ఎవుసం చేసుకునే మనిషి. చిన్నప్పుడు కైమా మిషన్ల పడి ఎడమ చేతి మూడు వేళ్లు పోయినయి. బాకస్ అప్పుడు సెనేట్ ఆర్థిక కమిటీ ఛైర్మన్. ఇద్దరూ ఒబామా పార్టీవోళ్లే.

ఇద్దరు కల్సి రక్షణ శాఖ సామాన్లు చూసుకునే ఏజెన్సీకి ఉత్తరం రాసిండ్రు. షెల్లు నాశనం చేస్తే తూటాల సరఫరా తగ్గుతది, మామూలు తుపాకి యజమానులకు దెబ్బ అని. ఏజెన్సీ ఎమ్మటే దిగొచ్చింది. మళ్ల చూసినం, ఈ షెల్లు అమ్మెటందుకు కుదిరే వర్గంల పెట్టొచ్చు అని తేల్చింది. అయిపాయె. తర్వాతి ఏండ్ల రక్షణ బడ్జెట్ చట్టాలల్లనైతే, అమ్మెటందుకు చట్టం అడ్డం లేని చిన్న తూటాలను, వాటి భాగాలను నాశనం చేసెటందుకు పైసలు వాడొద్దని ఒక వాక్యం గూడ ఎక్కించుకున్నరు.

ఇది సదివి మనోళ్లు అడుగుతరు. మన రైతులు ఢిల్లీ చుట్టూ ఏడాది కూసుంటే గాని మూడు చట్టాలు పోలే, వాళ్లకు గిన్ని రోజులల్లనే ఎట్లయింది అని. 2020 నవంబర్ల మొదలైన కొట్లాట, ప్రధాని ఎనకకు తీస్కుంటున్నమని చెప్పింది 2021 నవంబర్ 19 నాడు. రెంటినీ ఒక్క తక్కెడల పెట్టలేం. అక్కడ ఎనకకు తీసింది పార్లమెంటు చట్టం గాదు, ఒక ఆఫీసు ఆర్డర్. దాని ఎనక పెద్ద నాయకుని పరువు లేదు, ఎనకకు తీస్తే సర్కారుకు పైసా నష్టం లేదు, ఉల్టా లాభం. అడిగినోళ్లు అడిగింది గూడ ఒక్కటే. మొత్తం సర్కారును దిగిపొమ్మనలే, ఈ ఒక్క కాయితం మార్చుండ్రి అన్నరు. ఆ కాయితం మీద సంతకం పెట్టే ఆఫీసేదో తెలుసుకున్నరు, ఆ ఆఫీసు ఎవల మాటకు భయపడ్తదో తెలుసుకున్నరు. ప్రతిపక్షపోళ్లు అరిస్తే రాజకీయం అనేటోళ్లు. సొంత పార్టీ సెనేటర్లు, పల్లె ఓట్ల మీద గెలిచినోళ్లు రాస్తే ఏమంటరు?

దీన్ని మెచ్చుకునుడు కాడనే నేను ఆగిపోలేను. ఎందుకంటే మూడేండ్ల తర్వాత, 2012 డిసెంబర్ 14 నాడు, కనెక్టికట్ రాష్ట్రంల శాండీ హుక్ బడిల ఒకడు 20 మంది పిల్లలను, 6 గురు బడి సిబ్బందిని కాల్చి చంపిండు. తుపాకి కొనేటోని పాత చరిత్ర చూసినంకనే అమ్మాలె అనే నిబంధనను జర పెంచుతమని సెనేట్‌ల ప్రతిపాదన పెట్టిండ్రు. ఆ చెకింగ్ కావాలని సర్వేలల్ల దగ్గర దగ్గర 90 శాతం జనం చెప్పిండ్రు. 2013 ఏప్రిల్ 17 నాడు ఓటింగ్ అయింది. 54 మంది అవునన్నరు, 46 మంది కాదన్నరు. 60 కావాలె గనుక పడిపోయింది.

షెల్ల ఉత్తరం మీద కల్సి సంతకం పెట్టిన ఇద్దరు ఆ రోజు విడిపోయిండ్రు. టెస్టర్ అవునన్నడు, బాకస్ కాదన్నడు. ఓట్ల భయంతోనే కాదన్నడని అనుకుందమా అంటే, ఆరు రోజులకే ఇగ ఎలక్షన్ల నిలబడనని బాకసే చెప్పిండు. భయం ఒక్కటే కారణం గాదు మరి. ఏండ్ల కొద్ది వింటూ వచ్చిన గొంతే నిజమైన జనం గొంతు అని నాయకుడు నమ్ముతడు. షెల్లు ఏరుకునేటోడు తన సెనేటర్‌కు ఏడాదికి పదిసార్లు ఫోన్ చేస్తడు, ఆ ఒక్క విషయం మీదనే ఓటేస్తడు. సర్వేల అవునన్నోడు ఫోన్ పెట్టేసి తన పని జూస్కుంటడు. మన పోరగాండ్లు సదువుకు పోయి, రాత్రిపూట పెట్రోల్ బంకుల, దుకాణంల పనిచేస్తూ తూటాకు బలైన వార్తలు మన ఊర్లకు ఎన్నిసార్లు రాలే? ఆ తల్లిదండ్రులకు అక్కడ ఓటు గూడ లేదు, ఏ సెనేటర్‌కు ఫోన్ చేస్తరు?

కని ఆ తరీఖా తుపాకి యజమానుల సొత్తేం గాదు. 2018 ఫిబ్రవరి 14 నాడు ఫ్లోరిడాల పార్క్‌లాండ్ హైస్కూల్‌ల కాల్పులల్ల 17 మంది చచ్చిపోయిండ్రు. బతికిన పిల్లలు టీవీల ఏడ్చి ఊకోలే. వారం తిరిగేలోపే బస్సులెక్కి తమ రాష్ట్ర రాజధాని టల్లహాసీకి పోయిండ్రు. వాషింగ్టన్‌కు తర్వాత పోయిండ్రు, ముందుగాల తమ ఎమ్మెల్యేలసొంటోళ్ల గదులకే పోయి నిలదీసిండ్రు. అక్కడ సభా, గవర్నరూ తుపాకులను ఎనకేసుకొచ్చే రిపబ్లికన్ పార్టీవోళ్లే. అయినా మార్చి 9 నాడు గవర్నర్ రిక్ స్కాట్ చట్టం మీద సంతకం పెట్టిండు. తుపాకి కొనే వయసు 21కి పెంచిండ్రు, తుపాకి కొన్నంక చేతికిచ్చేటందుకు మూడు రోజులు ఆగాలన్నరు. 23 రోజులల్ల అయిన పని అది. కేంద్రంల మాత్రం 2022 మేల టెక్సాస్ ఉవాల్డేల 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చచ్చినంకనే, జూన్‌ల, 21 ఏండ్ల లోపు కొనేటోళ్లకు చెకింగ్ గట్టి చేస్తూ ఒక చట్టమొచ్చింది. శాండీ హుక్ అయినంక తొమ్మిదిన్నర ఏండ్లకు. ఇత్తడి షెల్ల ఆర్డర్ మారెటందుకు వారం గూడ పట్టలే.