పురమాయింపు సరుకైతే కళ కాదా?

సంపాదకులకు,

పడమటి దేశాల కోసం చేసిన పాత చైనా పింగాణీ ‘అసలు చైనా కళ కాదు, వట్టి బేరపు సరుకు’ అన్న మీ వ్యాసకర్త తీర్పుతో ఏకీభవించలేను. 18వ శతాబ్దంలో ఈ పింగాణీ వస్తువుల్లో ఎక్కువ భాగం చైనాలోని జింగ్‌డెజెన్ ఊరి బట్టీల్లో కాలినవే. చాలావాటికి ఆ తర్వాత రంగులద్దింది రేవు పట్టణం క్వాంగ్‌చౌలో. యూరప్ రాగిరేకు ముద్రణల్లోని సన్నని అడ్డగీతలను సైతం నల్లరంగు కుంచెతో ఒక్కొక్కటిగా దింపిన పళ్లెం చూశాక, అది చెయ్యి తిరిగిన పని కాదని ఎలా అంటాం? గుట్టలుగా చేశారన్న మాట నిజమే. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ నుంచి తీసిన సుమారు 1,50,000 వస్తువులను 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. అయితే లెక్క పెరిగినంత మాత్రాన పనితనం తగ్గిపోదు. పైగా యూరప్ కుటుంబాలు తమ వంశచిహ్నాలతో విడిగా చేయించుకున్న సెట్లూ ఉన్నాయి. కొనేవాడి అభిరుచికి చేశారని తోసిపుచ్చితే, చక్రవర్తి కొలువు కోసం అదే జింగ్‌డెజెన్ చేసినవీ పురమాయింపులేగా?

— ఒక పాఠకుడు